వార్త నడచిన దారులు

పత్తికొండ పేరు చరిత్ర పుస్తకములలో సాధారణముగా ఒక్క రాత్రి కారణముగానే కనిపించును. 1827వ సంవత్సరము జూలై 6వ తేదీ రాత్రి మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో ఈ ఊరి విడిదిలో కలరా సోకి కన్నుమూసెను. 1800లో నిజాము ఈ ప్రాంతమును కుంపిణీ వారికి ఇచ్చివేసిన నాటి నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరు ఆయనయే. గవర్నరు పదవి విడిచి స్వదేశమునకు పోవుటకు ముందు, తాను ఏడేండ్లు గుర్రము మీద తిరిగిన సీమను కడసారి చూచి పోవలెనని వచ్చెను. గుత్తి వద్దనే పరివారములో జాడ్యము కనిపించినది. మరణానంతరము ఆయన శరీరమును గుత్తికి కొనిపోయి ఖననము చేసిరి. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించిరి. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము ప్రభుత్వము ఒక తోపు వేయించి, ఒక మెట్లబావి కట్టించినది. ఈ సీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనిరి.

ఇదంతయు మీరు వినియున్న కథయే. నేను చెప్పదలచినది మన్రో కథ కాదు, ఆయన మరణవార్త పోవలసి యుండిన దారి కథ. ఆ నాటికి తంతి లేదు, రైలు లేదు. పత్తికొండ నుండి గుత్తి, తాడిపత్రి, కడపల మీదుగా చెన్నపట్టణమునకు సుమారు 270 మైళ్లు. నడుమ పెన్నేరు దాటవలెను. ఒక్క రౌతు ఎంత వేగముగ పోయినను గుర్రము అలయును, మనిషి అలయును, రాత్రి ఎక్కడనో నిద్రింపక తప్పదు. అందుచే ఆ కాలమున అవసరమైన వార్త ఒక్క మనిషి వెంట పోదు. అంచెల మీద పోవును.

అంచె అనునది చక్కని మాట. మన ఇంట పెద్దలు నేటికిని అంచెలంచెలుగా పైకి వచ్చినాడు అందురు. ఆ మాటలో టపా సంచి మోసిన మనుష్యుల అడుగులు దాగియున్నవని ఎవరికిని తోచదు. పత్తికొండకు పడమట, కన్నడ దేశమున, టపాకు పేరే అంచె. 1672లో మైసూరు చిక్కదేవరాయ ఒడెయరు నెలకొల్పిన మైసూరు అంచె 1889లో ఇంగ్లీషు ప్రభుత్వపు టపాలో కలిసిపోవు వరకు రెండు శతాబ్దములకు పైగా నడచినది. మన వైపున కుంపిణీ వారి టపాయు అదే పద్ధతిది. ఐదారు మైళ్లకు ఒక మజిలీ. మజిలీలో ఒకడో ఇద్దరో టపా బంట్లు. భుజము మీద కర్ర, కర్రకు తోలుసంచి, చప్పుడు చేయుటకు గజ్జెలు. రాత్రియైనచో వెంట దివిటీ పట్టువాడు. సంచితో పాటు ఒక చీటీ పోవును. ఏ గడియకు ఏ మజిలీ చేరినదో అందులో వ్రాయుదురు. తరువాతి బంటు సంచి అందుకొని చీటీ మీద గుర్తు పడిన గాని మొదటివానికి విడుదల లేదు. గంటకు నాలుగు మైళ్ల చొప్పున ఎక్కడను ఆగకుండ నడచినచో 270 మైళ్లు మూడు పగళ్లు మూడు రాత్రుల లోపల గడచును. ఏ ఒక్క మనిషియు అంత దూరము నడువలేదు. సంచి నడచినది.

ఇందులో నాకు వింతగా తోచునది మరియొకటి. మజిలీ బంటుకు చెన్నపట్టణము ఎటువైపున ఉన్నదో తెలియనక్కర లేదు. గవర్నరు ఎవరో తెలియనక్కర లేదు. తన వెనుక మజిలీ, తన ముందు మజిలీ, ఈ రెండే తెలిసిన చాలును. దారి మొత్తము తెలిసినవాడు ఒక్కడును లేకపోయినను వార్త దారి తప్పదు. మన కాలపు యంత్రములు సముద్రముల అడుగున వార్తలు పంపుకొనునది ఈ సూత్రము మీదనే. ఆ సంగతి తరువాత చెప్పెదను.

అయినను ఈ టపాను మెచ్చుకొని ఊరకుండుటకు వీలు లేదు. అది ఒక త్రాడు. ఒక మజిలీలో బంటు జ్వరపడినచో, పెన్నేరు పొంగినచో, త్రాడు తెగును. అవతలి మజిలీలు ఎన్ని సిద్ధముగ ఉన్నను పని లేదు. పైగా ఆ త్రాటి కొసలు రెండును ప్రభుత్వము చేతిలోనే. మొదట అది కుంపిణీ ఉత్తరువులకు, కుంపిణీ లెక్కలకు పుట్టినది. 1786లో చెన్నపట్టణమున పెద్ద టపా కచ్చేరి తెరచినను, 1837లో చట్టము చేసి ప్రజల ఉత్తరములను కూడ మోసినను, దూరము పెరిగిన కొలది కూలి పెరుగుచుండుటచే రైతు దాని జోలికి పోలేదు. దూరముతో నిమిత్తము లేక ఉత్తరమునకు అర్ధణా అను పద్ధతి వచ్చినది 1854లో. పత్తికొండ రైతు వార్త అంతకుముందు ఏ దారిని పోయినది? ఊరి వెట్టివాడు పొలిమేర దాక తెచ్చి పక్క ఊరి వెట్టివానికి చెప్పెడివాడు. తప్పెట కొట్టి చాటించెడివారు. వారము వారము సంత కూడెడిది. పెండ్లికి వచ్చిన చుట్టము చెప్పెడివాడు. దీనికి కచ్చేరి లేదు, చీటీ లేదు, చరిత్రకారుని కంటికి ఆనదు.

ఇప్పుడు రెండు వేల యేండ్లకు పైగా వెనుకకు పోవుదము. దూరము మాత్రము పోనక్కర లేదు. గుత్తి నుండి పత్తికొండకు వచ్చు దారిలోనే ఎర్రగుడి యున్నది. అక్కడి గుండ్ల మీద అశోకుని ధర్మలిపులు చెక్కబడి యున్నవి. 1920ల చివర అనూ ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని కనుగొని లోకమునకు తెలిపెను. పదునాలుగు పెద్ద శాసనములును, చిన్న శాసనములును ఒకేచోట ఉన్న స్థలము ఇది. పత్తికొండకు చేరువనే రాజులమందగిరి అను ఊరిలో చిన్న శాసనమునకు మరియొక ప్రతి కలదు. జొన్నగిరియే అశోకుని దక్షిణ రాజధానియైన సువర్ణగిరి యని పెక్కురు పండితుల అభిప్రాయము.

ఎర్రగుడి గుండ్ల మీద వార్త నడుపు విధానములు రెండు ఒకదాని పక్క ఒకటి కనిపించును. ఒకటి పెద్ద శాసనములలో ఆరవది. తాను భోజనము చేయుచున్నను, అంతఃపురమున నున్నను, తోటలో నున్నను, ప్రజల సంగతులు తెచ్చు ప్రతివేదకులు ఏ వేళనైనను తన వద్దకు రావచ్చునని రాజు అందులో చెప్పుకొనుచున్నాడు. మంచి రాజు మంచి మాటయే. కాని ఆ ఏర్పాటులో దారులన్నియు ఒక్క మనిషి చెవి దగ్గరకు పోయి ముగియును. ఆ చెవి మూసికొన్న దినమున దారులన్నియు మూసికొనును.

రెండవది చిన్న శాసనములోని భాగము. అక్కడి ఏర్పాటు వేరు. మహామాత్రులు రజ్జుకునికి చెప్పవలెను. రజ్జుకుడు భేరి వేయించి జానపదులకును, రాష్ట్రికులకును చెప్పవలెను. ఏనుగుల నెక్కువారికి, కరణకులకు, గుఱ్ఱములకు శిక్షణ ఇచ్చువారికి, బ్రాహ్మణులకు చెప్పవలెను. వారు తమ తమ శిష్యులకు నేర్పవలెను. తల్లిదండ్రులను సేవింపుడు, ప్రాణుల యెడ దయ చూపుడు, సత్యము పలుకుడు అనునదే వార్త. ఏనుగుల సాలలో ఒక గురువు, వ్రాతపనివారిలో ఒక గురువు, ప్రతివాడును తన చేతికింద నున్నవారికి తన పద్ధతిని చెప్పును. రాజు మాట బయలుదేరు వరకే రాజుది. ఆ తరువాత అది గురువులది, శిష్యులది. కరణకుడను మాట మన కరణమునకు చుట్టమని వేరుగ చెప్పనక్కర లేదు. 1984లో గ్రామాధికారుల ఉద్యోగములు రద్దగు వరకు మన ఊళ్లలో ప్రభుత్వపు మాట ఆ పేరు గలవాని నోటనే వినిపించినది.

ఇట్లు చేతులు మారిన వార్త చెడిపోదా యని మీరు అడుగవచ్చును. చెడిపోవును. దానికి సాక్ష్యము కూడ ఎర్రగుడిలోనే యున్నది. అక్కడి చిన్న శాసనమును చెక్కినవాడు కొన్ని పంక్తులను ఎడమ నుండి కుడికిని, కొన్నిటిని కుడి నుండి ఎడమకును చెక్కినాడు. దున్నుచున్న ఎద్దు చాలు చివర తిరిగి వచ్చినట్లు వ్రాత తిరిగి వచ్చును. చోటు చాలనిచోట మాటలను ఖాళీ దొరికిన చోటికి తోసినాడు. చదువుటకు పండితులు పడిన పాట్లు ఇన్ని అన్ని కావు. రాజులమందగిరి ప్రతి మరొక విధముగ చెడినది, దానిని ఎండ వానలు తినివేసినవి. పెక్కు అక్షరములు లేవు. కాని ఆ పోయిన అక్షరములేవో మనకు తెలియును. ఏలయనగా అదే మాట ఎర్రగుడిలో నిలిచి యున్నది.

ఇంకను దూరము నుండి చూచిన ఇంకను చోద్యముగ నుండును. రాజు పర్యటనలో 256 రాత్రులు గడచిన పిమ్మట వెలువడిన మాట ఇదియని చిన్న శాసనము చెప్పును. ఆ 256 అను అంకె ఉత్తరమున, దక్షిణమున పెక్కు ప్రతులలో కనిపించును. అన్నియు ఒకే వార్తకు ప్రతులని ఆ అంకెయే పట్టి ఇచ్చును. చిత్రదుర్గము జిల్లాలోని బ్రహ్మగిరి ప్రతి, సువర్ణగిరి నుండి రాజపుత్రుడును మహామాత్రులును ఇసిల యందలి మహామాత్రుల క్షేమము నడిగి చెప్పునది అని మొదలగును. అనగా అది అంచె మారుచు పోయిన జాబు. చపడుడను లేఖకుడు అక్కడ చివర తన వృత్తిని తెలుపు మాటను మాత్రము వాయవ్య దేశపు ఖరోష్ఠి లిపిలో వ్రాసికొన్నాడు. ఎక్కడి మనిషి ఎక్కడి బండ! ఈ ప్రతులన్నిటిలోను రాజు దేవానాం ప్రియుడే. ఆయన అసలు పేరు దాదాపు ఎక్కడను లేదు. 1915లో తుంగభద్ర కవతల రాయచూరు జిల్లా మస్కిలో బయటపడిన ప్రతిలో మాత్రము అశోకుడను పేరు దొరకినది. తరువాతి కాలమున మరికొన్ని చోట్ల దొరకినది. ఒక్క రాజధానిలో ఒక్క బండ మీద మాత్రమే ఈ మాట చెక్కించి యుండినచో, ఆ బండ పగిలిన దినమున మనకు అశోకుడు లేడు. ఇన్ని బండల మీద పంచి యుండుటచే, ఒకచోట పోయినది మరొకచోట దొరకినది.

ఈ విషయమునే గణితముతో నిరూపించినవాడు మన కాలమున పాల్ బరన్ అను ఇంజనీరు. పోలండు దేశమున పుట్టి అమెరికాలో పెరిగినవాడు. అణుబాంబు పడినచో దేశములోని టెలిఫోను కేంద్రములు ముందుగ నాశనమగును, అప్పుడు ఒకరితో ఒకరు మాటాడుటెట్లు అను భయము ఆనాటి అమెరికాలో ప్రబలముగ నుండెను. రాండ్ సంస్థలో పని చేయుచు బరన్ 1964లో తన ఆలోచనలను పెక్కు సంపుటములుగ ప్రకటించెను. వార్తలు నడుచు ఏర్పాటులు మూడు విధములని ఆయన గీసి చూపెను. మొదటిది బండిచక్రము వంటిది, ఆకులన్నియు కుండలోనికి పోవును. కుండ విరిగిన చక్రము లేదు. రెండవది చిన్న చక్రములను కూర్చిన పెద్దది. మన గ్రామము తాలూకాకు, తాలూకా జిల్లాకు, జిల్లా రాజధానికి కట్టుబడి యున్నట్లు. మూడవది చేపల వల. అందులో ప్రతి ముడికిని నాలుగు ప్రక్కల ముళ్లతో సంబంధము ఉండును. ఒక ముడి తెగినను చుట్టు తిరిగి పోవుటకు దారి యుండును. ఇందులో మనకు ఆశ్చర్యము కలిగించునది ఒకటి కలదు. వల తెగకుండ ఉండుటకు ముడికి నూరు పోగులు అక్కర లేదు, అవశ్యమైన దానికి మూడు నాలుగు రెట్లు ఉన్న చాలును అని లెక్క తేలినది. పక్క ఊరు ఒక్కటే తెలిసిన ఊరికిని, మూడు నాలుగు ఊళ్లతో సంత, పెండ్లి, పశువుల బేరము ఉన్న ఊరికిని గల భేదమే ఇది.

వార్తను పంపు విధమును గూడ ఆయన చెప్పెను. పెద్ద వార్తను చిన్న తునకలుగ చేసి, ప్రతి తునక మీదను చేరవలసిన చోటు వ్రాయవలెను. ప్రతి ముడియు తునకను అందుకొని, ప్రతిని తన దగ్గర ఉంచుకొని, ఆ క్షణమున తెరపియైన దారిని పొరుగు ముడికి అందించవలెను. అందినదని పొరుగు ముడి చెప్పిన తరువాతనే తన ప్రతిని విడువవలెను. గజ్జెల కర్రవాడు చీటీ మీద గుర్తు పడువరకు కదలకుండుట మీకు జ్ఞప్తికి వచ్చుచున్నది గదా. బరన్ మాటను అమెరికాలోని పెద్ద టెలిఫోను కంపెనీ వారు నమ్మలేదు, ఇది పని చేయదనిరి. ఇంగ్లండులో డొనాల్డ్ డేవీస్ ఇంచుమించుగ ఇదే ఆలోచనకు వేరుగ వచ్చెను. 1969 అక్టోబరు 29న కాలిఫోర్నియాలో రెండు కంప్యూటర్ల నడుమ ఇట్టి మొదటి వార్త పోయినది. రెండక్షరములు చేరిన తరువాత అవతలి యంత్రము చతికిలపడినది. నేడు మన చేతిలోని ఫోనులు మోయు ఇంటర్నెట్టు ఆ రెండక్షరములకు సంతానము.

ఈ భేదము పండితుల చర్చకు మాత్రమే చెందినదై యుండినచో నేను మీ కాలమును ఇంత తీసికొనను. మన జిల్లాలో ఇది ఒకప్పుడు ప్రాణముల మీదికి వచ్చినది. అది 1876, 1877 సంవత్సరముల ధాత ఈశ్వర కరువు.

అంతకు పూర్వము ఈ సీమలో ధాన్యమును, ఉప్పును, వార్తలను మోసినవారు లంబాడీలు. వేలకొలది పెరికె ఎద్దులతో తూర్పు తీరమునకును దక్కను పీఠభూమికిని నడుమ తిరుగుచుండిరి. 1791, 92 సంవత్సరములలో టిప్పు సుల్తాను మీదికి పోయిన కారన్‌వాలిస్ సేనకు గింజలు అందించినవారు వారే. ఎక్కడ పంట చెడినదో, ఎక్కడ జొన్న చౌకయో బిడారు బిడారునకు తెలియును. బిడారులు ఒక్క యజమాని క్రింద లేవు, దారులు అనేకము. వీరిని గురించి ఎవరును కీర్తిస్తంభము కట్టలేదు. రోడ్లు, బండ్లు, రైళ్లు వచ్చిన కొలది ఆ వృత్తి క్షీణించినది. 1871లో మద్రాసు రైలును బొంబాయి రైలును రాయచూరు వద్ద కలిసెను. ఆ దారి గుత్తి మీదుగా పోవును. పట్టాల వెంట తంతి తీగ వచ్చెను. నాడు ఆ తీగ పత్తికొండకు దూరమున నుండెను. కర్నూలు, నంద్యాల వైపు ఇంకను రైలే లేదు.

1876లో రెండు ఋతుపవనములును తప్పినవి. ఆ సమయమున తీగ ఏమి చేసినది? గుత్తి స్టేషనులో నున్న వర్తకునికి మద్రాసు ధర గడియలో తెలిసినది. పంట దెబ్బతినని చోటులలో కూడ ధరలు కరువు ధరలతో సమానముగ లేచినవని సమకాలికులు వ్రాసిరి. గింజలు ఎక్కువ ధర యున్న చోటికి, రైలు పోవు చోటికి పోయినవి. ఓడరేవుకు వచ్చిన ధాన్యము స్టేషన్ల వరకు వచ్చినను, స్టేషను నుండి లోపలి ఊళ్లకు చేర్చుటకు బండ్లు లాగు ఎద్దులు అప్పటికే మేత లేక చచ్చినవి. 1877 ఆరంభమున రిచర్డ్ టెంపుల్ కరువు పనులలోని మగ కూలివానికి రోజుకు ఒక పౌను ధాన్యమును, పైన ఒక అణాయు చాలునని నిర్ణయించెను. ఆ ఉత్తరువు త్వరగ ప్రతి కరువు శిబిరమునకు చేరినది. ఆ కూలి మీద మనిషి బ్రదుకలేడను మాట మాత్రము అదే వేగముతో తిరిగి పోలేదు. కూలివాడు మేస్త్రీకి చెప్పవలెను, మేస్త్రీ తహశీలుదారుకు, తహశీలుదారు కలెక్టరుకు, కలెక్టరు మద్రాసునకు, మద్రాసు కలకత్తాకు. మద్రాసు పారిశుద్ధ్య కమిషనరు డాక్టరు కార్నిష్ గట్టిగ వాదించిన పిమ్మట, కొన్ని మాసములకు గాని కూలి పెరుగలేదు. పై నుండి క్రిందికి తీగ, క్రింది నుండి పైకి కాలిబాట. 1871 నాటి జనాభాతో పోల్చగా 1881 నాటికి కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గినది.

తీగను మాత్రమే నిందించుట న్యాయము కాదు. 1877 ఆగస్టులో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు లండను మేయరునకు సహాయము కోరుచు పంపిన విన్నపము తంతి మీదనే పోయినది. దానికి బదులుగ లక్షల పౌండ్ల చందాలు వచ్చినవి. అదే తీగ ఆకలిని పెంచినది, అదే తీగ అన్నమును తెప్పించినది. ఆ తీగ ఎవరి గుమ్మము ముందు ఆగినదో, వారి మాటయే దాని మీద పోయినది. పత్తికొండ తాలూకా పల్లెవాని గుమ్మము ముందు అది ఆగలేదు. అతనికి పూర్వము నుండి ఉన్న బిడారుల దారి అప్పటికే చెడియుండెను.

తంతి టపా 2013 జూలైలో మన దేశమున ముగిసినది. ఇప్పుడు పల్లె పల్లెనా ఫోను ఉన్నది గనుక ఆ కథ ముగిసినదని అనుకొందుమా? 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రియు ఒక్కసారి పొంగి కర్నూలు పట్టణమును ముంచినవి. ఆ హంద్రి పుట్టినది ఈ పత్తికొండ ప్రాంతమునందే, మద్దికెర పొలములలో. వేసవిలో దాటుటకు చెప్పు తడవని వాగు. ఆ దినమున పట్టణమున కరెంటు పోయినది. కరెంటుతో పాటు ఫోనులును మూగబోయినవి. లక్ష చేతులలో లక్ష ఫోనులున్నను అవి ఒకదానితో ఒకటి మాటాడవు. ప్రతిదియు తన స్తంభముతో మాటాడును, స్తంభము కేంద్రముతో మాటాడును. చూచుటకు వల, లోపల బండిచక్రము.

సముద్రపు తీగల సంగతి వేరు. 2008 జనవరి చివర ఈజిప్టులోని అలెగ్జాండ్రియా చేరువ సముద్రగర్భమున రెండు తీగలు తెగి, మన దేశపు ఇంటర్నెట్టు సగమునకు పైగా సన్నగిల్లినది. పూర్తిగ ఆగలేదు. మిగిలిన తునకలు తూర్పు దారిని చుట్టు తిరిగి పోయినవి. బరన్ లెక్క అక్కడ నిలిచినది. 2004 డిసెంబరు 26న అండమానులో సునామీ వచ్చినప్పుడు ఆదుకొన్నది మరొక చిన్న వల. పోర్ట్ బ్లెయిరులో అప్పటికి మకాము వేసియున్న హామ్ రేడియో ఔత్సాహికులు, బ్యాటరీల మీద తమ పెట్టెలు నడుపుచు, ద్వీపముల వార్తలను ప్రధాన భూమికి అందించిరి. హామ్ పెట్టెకు స్తంభము అక్కర లేదు, కచ్చేరి అక్కర లేదు. ఒక పెట్టె, ఒక తీగ, అవతల వినువాడు ఒకడు. ఈ విద్యను నేర్పు జాతీయ సంస్థ 1983 నుండి మన హైదరాబాదులోనే యున్నది.

ఈ మాటలు రేడియో పత్రికలో చదువుచున్న మీకు, మరి రేడియో ఏ కోవకు చెందునని సందేహము కలుగవచ్చును. ఒప్పుకొనవలసినదే, రేడియో పక్కా బండిచక్రము. ఒక్కరు మాటాడుదురు, లక్షలమంది విందురు, వినువారి మాట ఉత్తరము రూపమున వారమునకు వచ్చును. దానికి గుణము లేకపోలేదు. తుపాను హెచ్చరిక అందరికిని ఒక్క క్షణమున, ఒక్క మాటగ చేరును, చేతులు మారి చెడిపోదు. కాని గాలి ఎవరి సొత్తు అను ప్రశ్నకు 1995లో సుప్రీము కోర్టు అది ప్రజల సొత్తని తీర్పు చెప్పినది. 2008 అక్టోబరులో జహీరాబాదు వద్ద మాచనూరులో సంఘం రేడియో మొదలైనది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల లోని దళిత స్త్రీలు నడుపు కేంద్రము అది. చుట్టుపక్కల పల్లెలకు మాత్రమే వినబడును. చిరుధాన్యముల విత్తనములను గురించి, పశువుల మందులను గురించి, తమ పాటలను తామే వినిపింతురు. తమ మెట్టభాషనే మాటాడుదురు. పెద్ద కేంద్రము వారి మాటను దిద్దదు. ఇటువంటి చిన్న చక్రములు ఒకదానితో ఒకటి చేయి కలుపుకొన్న దినమున వల యగును.

వలకు దోషము లేదని నేను అనను. కాపలాదారు లేని దారిని సత్యము ఎంత వేగముగ పోవునో అబద్ధమును అంతే వేగముగ పోవును. పిల్లల నెత్తుకొనిపోవువారు వచ్చినారను పుకారు 2018లో ఫోను నుండి ఫోనుకు పాకి, మన తెలుగు సీమలలోను, ఇతర రాష్ట్రములలోను అమాయకులను కొట్టించినది, చంపించినది. ఆ వార్తలో ఏ ముడికిని బాధ్యత లేదు. చపడుడు బండ మీద తన పేరు వ్రాసికొన్నాడు. టపా బంటు చీటీ మీద గుర్తు పడ్డాడు. ఈనాటి ముడి తనకు అందిన దానిని వేలితో తోసి ఊరుకొనును.

ఈ వల ఇంకను ఎట్లు జీవించి యున్నదో చూడవలెనన్న తొలకరికి పత్తికొండ ప్రాంతమునకు రండు. ఒక మంచి వాన పడి మట్టి కడిగినంతనే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి పొలములలో వజ్రములు దొరకునని వెదకువారు తరతరములుగా ఉన్నారు. ఎవరును చాటింపు వేయరు. పత్రికలో ప్రకటన లేదు. ఒక చేనిలో ఒకనికి రాయి దొరకినదను మాట సాయంకాలము ఊరి రచ్చబండకు వచ్చును. మరునాడు అనంతపురము బస్సు దిగువారుందురు, ఆ మరునాడు బళ్లారి వారుందురు. చెట్టు క్రింద వంట, చేనిలో వంగిన నడుములు. ఎవని చేను, ఏ దిక్కున, ఏ రంగు మట్టిలో అని అడిగిన ప్రతివాడును చెప్పును, ప్రతివాడును ఒక్కొక్క విధముగ చెప్పును. ఎంత ధర పలికినదో మాత్రము ఎవరికిని తెలియదు. ఆ సంగతి రాయి దొరకినవానికిని, రాయి కొన్న వ్యాపారికిని తప్ప మూడవవానికి పోవు దారి ఇంతవరకు ఎవరును వేయలేదు.